టబ్బులో బుడగలు: ఇంట్లో ఇటుక ఎక్కడ, టైల్ ఎక్కడ

గోడ టైల్స్ అంటించే ముందు తాపీ మేస్త్రి వాటిని నీళ్ళ టబ్బులో పడేస్తాడు. పడగానే టైల్ వెనక నుంచి సన్నటి బుడగలు వరసకట్టి పైకి వస్తాయి, కాస్త వంగి వింటే సుయ్‌మనే చప్పుడు కూడా వినిపిస్తుంది. బుడగలు ఆగాక తీసి, తడి కాస్త ఆరనిచ్చి, వెనక సిమెంటు రాసి గోడకి అంటిస్తాడు. అదే టబ్బులో హాలు కోసం తెచ్చిన విట్రిఫైడ్ టైల్ వేసి చూడండి, బుడగలు దాదాపు కనబడవు. ఎర్ర ఇటుక వేస్తే మాత్రం నీళ్ళు ఉడుకుతున్నాయా అన్నట్టు బుడబుడమంటుంది.

మూడూ మట్టిలోంచి వచ్చినవే. షోరూములో గంటసేపు కేటలాగులు తిప్పినా తేలని సంగతి ఈ టబ్బు దగ్గర రెండు నిమిషాల్లో తేలుతుంది, ఏది ఎంత నీళ్ళు తాగుతుందో. హాల్లో ఇటుక గోడ నిలుస్తుందా, పొయ్యి వెనక ఏం వెయ్యాలి, గోడ మీద తెల్లగా ఉప్పెందుకు తేలింది, నాలుగేళ్ళకే టైల్స్ ఎందుకు లేచాయి అనే గొడవలన్నిటికీ మూలం చాలావరకు అక్కడే ఉంటుంది. కానీ విజయవాడ, గుంటూరుల్లో కొత్త ఫ్లాట్ కొన్నవాళ్ళు ముందు అడిగేది రంగు, తర్వాత రేటు, నీళ్ళ సంగతి అడిగేవాళ్ళు బాగా తక్కువ.

ఇటుకకీ టైల్‌కీ తేడా ఎక్కడొస్తుందంటే కాల్చే దగ్గర. ఇటుకని దాదాపు 900 నుంచి 1000 డిగ్రీల దాకా కాలుస్తారు, బట్టీలో పేర్చడం, కాల్చడం, చల్లారడం అన్నీ కలిపి రోజుల పని. కోస్తాలో చాలా బట్టీల్లో వరి ఊకే వంటచెరకు. మట్టిలో కలిసిన ఊక కూడా కాలిపోయి ఆ చోట సన్నటి బొక్క మిగులుతుంది. ఇటుక నిండా అలాంటి బొక్కలే, వాటిలోకే నీళ్ళు ఎక్కుతాయి. టైల్‌లో మట్టితో పాటు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, సన్నటి ఇసుక పొడి కలుపుతారు, గట్టిగా నొక్కి, రోలర్ల మీద నడిచే పొడవాటి కొలిమిలో 1100, 1200 డిగ్రీల వేడిలోంచి పంపిస్తారు, గంట లోపే అవతలికి వచ్చేస్తుంది. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి గాజులా మారి బొక్కల్ని పూడుస్తుంది, దాదాపు పూర్తిగా పూడిందే విట్రిఫైడ్ టైల్. ఎంత పూడితే అంత గట్టి, అంత నునుపు, అంత తక్కువ దాహం. మన దగ్గర దొరికే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వచ్చేవే.

ఇక అంకెలు. మామూలు కాల్చిన ఇటుకకి భారతీయ ప్రమాణం ఐఎస్ 1077. ఒక రోజంతా నీళ్ళలో నానబెడితే మామూలు తరగతి ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదని అది చెబుతుంది. అంటే మూడు కిలోల ఇటుక అరలీటరు పైన తాగినా పరీక్ష పాసైనట్టే! విట్రిఫైడ్ టైల్‌కి హద్దు అర శాతం. ఏడు కిలోలుండే రెండడుగుల టైల్ మొత్తం తాగేది 35 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. మామూలు గోడ టైల్స్ వీటి మధ్యలో, 10 శాతం పైన ఉంటాయి. వాటి ముందు వైపు గ్లేజు, అంటే గాజు పూత, ఉంటుంది కాబట్టి అటు నుంచి నీళ్ళు పోవు, వెనక వైపు మాత్రం ఇటుక చుట్టమే. టబ్బులో బుడగలు వచ్చేది అందుకే.

ఇప్పుడు ఇటుక మోజు గురించి. ఫోన్‌లో ఏదో కేఫ్ ఫొటో చూసి, హాల్లో టీవీ వెనక గోడ అలా ఎర్రగా, ప్లాస్టరింగ్ లేకుండా కావాలని అడిగేవాళ్ళు పెరిగారు. మేస్త్రికి ఇది మింగుడుపడదు. "ప్లాస్టరింగ్ చెయ్యకుండా వదిలేస్తే బంధువులొచ్చి డబ్బులు చాల్లేదా అని అడగరా అండీ" అంటాడు. అతని మాటలో న్యాయం ఉంది, ఊళ్ళో ఎర్ర గోడలతో ఆగిపోయిన ఇల్లంటే అప్పులపాలైన ఇల్లనే లెక్క. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ జీవితమంతా ఇటుకని దాచకుండా కట్టి, అది అందమే అని జనాన్ని ఒప్పించాడు. ఇటుకల్ని నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో ఆయన కట్టించిన గోడలకి మామూలు గోడ కంటే పాతిక శాతం దాకా ఇటుకలు తక్కువ పడతాయి, ఆ ఖాళీ వల్ల వేడి కూడా కాస్త తగ్గుతుంది. కృష్ణా, గుంటూరు వైపు ఆ అలవాటు పెద్దగా రాలేదు.

దానికి తోడు ఇంకో చిక్కుంది. ప్లాస్టరింగ్ చెక్కేస్తే లోపల ఎర్ర ఇటుక బయటపడుతుందని అనుకుంటారు, ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి లోపల ఉండేది బూడిద రంగు ఫ్లైయాష్ ఇటుక, అంటే బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో చేసినది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కనే ఉండగా బూడిదకి కొరతేముంది? ఫ్లైయాష్ ఇటుక బట్టీలో కాలదు, నీళ్ళతో తడిపి గట్టిపరుస్తారు, ఎరుపు రావడానికి ఆస్కారమే లేదు. ఎరుపనేది మట్టిలోని ఇనుము వేడికి మారి వచ్చే రంగు. కొత్త కట్టడాల్లో అయితే ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మలు, అవి తెల్లగా ఉంటాయి. కాబట్టి ముందు కరెంటు బోర్డు విప్పి లోపల గోడ రంగు చూసుకున్నాకే సుత్తి పట్టుకోవడం మంచిది.

లోపల ఎర్ర ఇటుక లేనప్పుడు మిగిలేవి మూడు దారులు: అసలు ఇటుకతో కొత్తగా సగం ఇటుక మందం గోడ లేపడం, ఇటుకనే పల్చగా కోసినట్టుండే క్లాడింగ్ ముక్కలు అంటించడం, ఇటుక బొమ్మ అచ్చేసిన టైల్ వెయ్యడం. మొదటిది ఎంత బరువో చాలామందికి తట్టదు. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గోడకి తొమ్మిది అంగుళాల ఇటుకలు ఇంచుమించు 430 పడతాయి, మధ్యలో సిమెంటు మాలు కూడా కలిపితే రెండు టన్నుల దగ్గరకొస్తుంది. కింద బీము ఉంటే సరే, లేకపోతే మూడో అంతస్తులో స్లాబు నడిమధ్య రెండు టన్నులు కూర్చోబెట్టడం ఇంజినీరుని అడక్కుండా చేసే పని కాదు. అదే గోడకి పదిహేను మిల్లీమీటర్ల క్లాడింగ్ అయితే మూడు వందల కిలోల లోపు. ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళకి క్లాడింగే మేలు, ఇందులో పెద్దగా ఆలోచించేదేమీ లేదు. మూడో దారి, ఇటుక బొమ్మ టైల్, దూరం నుంచి బాగానే ఉంటుంది. దగ్గరికెళ్తే మాత్రం ప్రతి నాలుగో టైల్ మీద అదే పగులు, అదే మచ్చ కనిపించి గుట్టు బయటపడుతుంది. కొనేటప్పుడు పెట్టెలో అన్ని టైల్స్ నేల మీద పరిచి ఎన్ని రకాల బొమ్మలున్నాయో లెక్కపెట్టడం ఒక్కటే ఉపాయం.

అసలు ఇటుక కొనేటట్టయితే పాత పరీక్షలే చాలు. రెండు ఇటుకలు కొడితే ఖంగుమని మోగాలి, గోటితో గీస్తే గీత పడకూడదు, నడుమెత్తు నుంచి నేల మీద పడేస్తే విరగకూడదు. గోడలో కనబడకుండా పోయే ఇటుక కాస్త వంకరైనా సర్దుకోవచ్చు, బయటికి కనబడేదానికి అంచులు సూటిగా ఉండాలి, అలా ఏరితే బండిలో ఎన్నో పక్కకి పోతాయి. ఆ ఏరుడు కూలీ ఎవరూ ఎస్టిమేట్‌లో రాయరు.

ఉప్పు విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇటుక గోడ పెట్టుకున్నవాళ్ళు ఎక్కువగా ఏడ్చేది దాని గురించే. మట్టిలోనో సిమెంటులోనో, క్యూరింగ్‌కి వాడిన బోరు నీళ్ళలోనో కరిగిన లవణాలుంటాయి. ఇటుక ఆ నీళ్ళు పీల్చుకుంటుంది, ఎండ తగిలాక నీళ్ళు ఆవిరై పోతాయి, లవణం మాత్రం పైన తెల్లటి పొరలా మిగిలిపోతుంది. చూడగానే పైపు పెట్టి కడుగుతారు, గోడ శుభ్రంగా కనిపిస్తుంది, పది రోజుల్లో మళ్ళీ అదే తెలుపు. కడిగిన నీళ్ళకి లవణం కరిగి మళ్ళీ లోపలికే పోయింది మరి. ఎండు బ్రష్‌తో రుద్ది రాలిన పొడిని ఊడ్చి బయట పారెయ్యాలి, నీళ్ళెక్కడి నుంచి వస్తున్నాయో వెతికి ఆపాలి. ఆ రెండోది చెయ్యకుండా పైన వార్నిష్ కొట్టించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మెరుపు కోసం వేసిన ఆ పొర చెమ్మని బయటికి పోనివ్వదు, లవణం లోపలే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెళ్ళలుగా ఊడగొడుతుంది. పూత వెయ్యాలనుకుంటే గోడ పూర్తిగా ఆరాక, గాలి ఆడనిచ్చే సిలేన్ రకం సీలర్ వెయ్యాలి, అది మెరవదు కూడా.

నీళ్ళు తాగే గోడకీ తాగని నేలకీ తేడా 2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడ కళ్ళారా చూసింది. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తీశాక టైల్స్ నేల మీద బురద పారతో ఎత్తి, కడిగితే నేల నేలలాగే ఉంటుంది. గోడలు అలా ఊరుకోవు. ఇటుక ఒత్తిలా పైకి పీల్చడం వల్ల చెమ్మ వరద గీత దాటి ఇంకా పైకి పాకుతుంది, పుట్టీ ఉబ్బి పొరలుగా రాలుతుంది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు అల్మరాల మాట చెప్పనే అక్కర్లేదు. అలాంటి గోడకి తొందరపడి రంగు వేయిస్తే ఆ డబ్బు మళ్ళీ పెట్టాలి, తడిసిన తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. పల్లపు ప్రాంతాల్లో కింది అంతస్తు వాళ్ళు గోడకి మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా టైల్ వెయ్యాలా అని అడుగుతారు. వేస్తే కడుక్కోవడం సులువే, కానీ ఆ టైల్ వెనక గోడ తడిస్తే ఆరడానికి దారి ఉండదు. రెండు వైపులా వెయ్యకుండా ఒక వైపు గోడని వదిలెయ్యడం మధ్యేమార్గం.

లోపల ఇటుక, పైన వేరే తొడుగు అనే ఆలోచన ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. అమరావతి మహాచైత్యం ఇటుకతో కట్టిన కట్టడం, బయటికి కనబడేలా దాని మీద శిల్పాలు చెక్కిన పల్నాటి సున్నపురాయి పలకలు తొడిగారు. ఆ కాలపు ఇటుకలు ఇవాళ్టి వాటి కంటే చాలా పెద్దవి. బరువు మోసే పని ఇటుకకి, చూపు ఆకట్టుకునే పని పలకకి అప్పగించారు. ఇప్పుడు ఫ్లాట్లలో వరస తిరగబడింది, బరువు ఎప్పుడూ కాంక్రీటే మోస్తుంది, ఇటుక పైతొడుగైంది.

ఇటుక ఇల్లు చల్లగా ఉంటుందనే మాట కూడా జాగ్రత్తగా వినాలి. మందపాటి గోడ వేడిని ఆపేయదు, ఆలస్యం చేస్తుందంతే. మే నెలలో పడమటి గోడ మధ్యాహ్నమంతా తాగిన వేడి సాయంత్రానికి, రాత్రికి గదిలోకి వదులుతుంది, ఏసీ ఉన్నా మంచం పక్క గోడ మీద చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది. గది లోపల అలంకారానికి అంటించిన పల్చటి ఇటుక ముక్కలు ఈ విషయంలో ఏమీ చెయ్యలేవు. కాలికి టైల్ చల్లగా తగలడం వేరే సంగతి, టైల్ కాలిలోని వేడిని గబగబా లాగేస్తుంది కాబట్టి చల్లగా అనిపిస్తుంది, గది వేడి మాత్రం అలాగే ఉంటుంది. నిజంగా వేడి తగ్గాలంటే డాబా మీద తెల్లటి కూల్ టైల్స్ వేయించడం పనికొస్తుంది, అవి ఎండని వెనక్కి కొట్టేస్తాయి. పడమటి బాల్కనీకి టెర్రకోటా జాలీ పెట్టిస్తే ఎండ ముక్కలై పడుతుంది, గాలి ఆగదు. ఇటుక జాతి సరుకుని ఇంట్లో ఒక్క చోటే వాడాలంటే అదే సరైన చోటు.

వంటింట్లో పొయ్యి వెనక ఇటుక వద్దు. ఆవకాయ, తాలింపు, గుంటూరు కారం వేపుళ్ళు ఉన్న ఇంట్లో నూనె చుక్క ఇటుక మీద పడిందంటే అది అక్కడే కాపురం. సీలర్ వేసినా జిడ్డు మీద దుమ్ము పట్టి ఏడాదికల్లా ఎరుపు నలుపవుతుంది. ఫొటోల్లో ఇటుక వంటిళ్ళు చూపించేవాళ్ళ ఇంట్లో ఎవరూ పోపు పెట్టరేమో! అక్కడ గ్లేజు టైలే సరి. అయితే టైల్ ఎంత నునుపైనా మధ్యలో గీతలుంటాయి, వాటిలో నింపే మామూలు సిమెంటు గ్రౌట్ పసుపుని పీల్చేస్తుంది, ఆ పసుపు ఇక పోదు. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదెక్కువ, పని కూడా చాకిరే, కానీ పొయ్యి వెనక ఆ పది, పదిహేను చదరపు అడుగుల వరకైనా అది పెట్టించుకోవాలి. న్యూయార్క్‌లో 1904లో తెరిచిన సబ్‌వే స్టేషన్లలో పెట్టిన చిన్న తెల్ల టైల్ ఇప్పుడు ఇక్కడా ఫ్యాషన్ అయింది, ఇటుక వరసలో పేరిస్తే ముచ్చటగా ఉంటుంది నిజమే. టైల్ చిన్నదయ్యే కొద్దీ గీతలు పెరుగుతాయి, గీతలతో పాటు తోముడూ పెరుగుతుంది.

షోరూములో లెక్క ఒకటి గమనించండి. "టూ బై ఫోర్, పెట్టెలో రెండు, పదహారు అడుగులు" అంటారు. ఆ టైల్ అసలు కొలత 600 మిల్లీమీటర్లు, 1200 మిల్లీమీటర్లు. 600 మిల్లీమీటర్లంటే రెండడుగులకి ఒక సెంటీమీటరు తక్కువ. రెండు టైల్స్ కలిపితే వచ్చేది పదిహేనున్నర చదరపు అడుగులు. వెయ్యి అడుగుల ఇంటికి పెట్టెకి పదహారు చొప్పున 63 పెట్టెలు చాలనుకుంటే, నిజానికి 65 కావాలి, అదీ కోతలు, విరుగుళ్ళు లేకుండా. వాటికి ఐదు శాతం, ఏటవాలుగానో, చేప ముల్లులా ఉండే హెరింగ్‌బోన్ వరసలోనో వేస్తే పది, పదిహేను శాతం కలుపుకోవాలి. పని మధ్యలో నాలుగు పెట్టెలు తక్కువై, షాపుకి పరిగెత్తితే అదే పేరుతో వేరే షేడ్ రావడం అనే టెన్షన్ చాలా ఇళ్ళలో ఇక్కడే మొదలవుతుంది.

వెయ్యడంలో పాత అలవాటు కొత్త సరుకుతో తగవు పెట్టుకుంటోంది. గోడ టైల్ నీళ్ళు తాగుతుంది కాబట్టి సిమెంటు పాలు దాని బొక్కల్లోకి దిగి వేళ్ళూనినట్టు పట్టుకుంటాయి. విట్రిఫైడ్‌కి ఆ బొక్కల్లేవు, సిమెంటు దాన్ని ఆనుకుని ఉంటుందే గానీ పట్టుకోదు. అందుకే దానికి పాలిమర్ కలిసిన అంటు పొడి కావాలి, మేస్త్రులు గమ్ అనేస్తారు. బస్తా మీద ఐఎస్ 15477 అనీ, అది ఎన్నో టైపో కూడా రాసి ఉంటుంది. గోడకి రెండడుగులు దాటిన టైల్ వేస్తూ గమ్ దండగ అనే మేస్త్రి మాట వినకండి. గమ్ కొన్నా దాన్ని నాలుగు మూలల్లో ముద్దలుగా పెట్టి టైల్ అదిమితే కొన్న ఫలం పోయినట్టే, మధ్యలో డొల్ల మిగులుతుంది. పళ్ళ తాపీతో టైల్ వెనకంతా గీతలు గీస్తూ పరవాలి. పని అయ్యాక రూపాయి బిళ్ళతో ఒక్కో టైల్ మీద తట్టి చూస్తే డొల్లగా మోగేది ఎక్కడో తెలిసిపోతుంది, మేస్త్రికి చివరి డబ్బులిచ్చే ముందు ఆ పని చెయ్యాలి. టైల్‌కీ టైల్‌కీ మధ్య రెండు మిల్లీమీటర్ల స్పేసర్, గోడ వెంబడి ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, ఆ ఖాళీని గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. ఖాళీ లేకుండా గోడకి బిగించేస్తే ఎండాకాలంలో నేల సాగినప్పుడు పోయే దారిలేక రెండు టైల్స్ గుడారంలా లేస్తాయి. ఇంట్లో వాళ్ళు బాంబు పేలిందనుకుని హడలిపోతారు.

పొడవాటి టైల్‌ని ఇటుక వరసలా, కింది టైల్ మధ్యకి పై టైల్ అంచు వచ్చేలా వెయ్యమంటారు కొందరు. పెద్ద టైల్ కాలేటప్పుడు నడుము దగ్గర వెంట్రుకవాసి పైకి వంగుతుంది, అది లోపం కూడా కాదు, ప్రమాణం ఒప్పుకున్నంతే. ఒక టైల్ ఎత్తైన నడుము పక్కనే ఇంకో టైల్ లోతైన అంచు వస్తే నడిచేటప్పుడు కాలికి తగులుతుంది. సగానికి బదులు మూడో వంతు జరిపి వేస్తే ఆ తేడా తగ్గుతుంది.

బాత్‌రూమ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నేలకి మెరిసే టైల్ వద్దు. పెట్టె మీద లేదా కేటలాగులో ఆర్ నంబరు ఉంటుంది, ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా, నంబరు పెరిగే కొద్దీ పట్టు పెరుగుతుంది. తడి నేలకి ఆర్ 10 అయినా ఉండాలి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆర్ 11 చూడండి. గోడకి మిగిలాయి కదా అని గోడ టైల్‌నే నేల మీద పరిచేసే ఘనులుంటారు, అది జారుతుంది, బిందె పడితే పగులుతుంది. వాటం సరిగ్గా ఉందో లేదో గ్రౌట్ వెయ్యకముందే బకెట్ నీళ్ళు పోసి చూసుకోవాలి.

పనంతా అయ్యాక మిగిలిన టైల్స్ షాపుకి తిరిగిచ్చి డబ్బులు తెచ్చుకోవాలనిపిస్తుంది. ప్రతి రకంలో ఒక పెట్టె ఉంచుకోండి. మూడేళ్ళకి ప్లంబరు వచ్చి పైపు లీకు కోసం రెండు టైల్స్ పగలగొట్టినప్పుడు, ఆ డిజైన్ ఆగిపోయిందని షాపువాడు చెబుతాడు. పెట్టె అట్ట నానిపోయి అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి, అటక ఎక్కించే ముందే బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒక టైల్ వెనక మార్కర్‌తో రాసి పెట్టుకోండి.